ఎలక్ట్రికల్ పనుల్లో చెల్లింపులు, టెస్ట్ రిపోర్టులు: కాంట్రాక్టర్లు, వైర్‌మన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇళ్లకు, దుకాణాలకు వైరింగ్ చేసేవారి నుంచి ఏళ్ల తరబడి ఒకే రకమైన సందేహాలు వస్తున్నాయి. పనికి రావలసిన డబ్బు ఎలా రాబట్టుకోవాలన్నది ఒకటి, కరెంటు కనెక్షన్ కోసం ఇచ్చే టెస్ట్ రిపోర్టు మీద ఎప్పుడు సంతకం చేయాలన్నది మరొకటి. చాలామంది ఈ రెండింటినీ ఒకే ముడిగా వేసి, ఒకదానితో మరొకదాన్ని లాగాలని చూస్తారు. నా ఉద్దేశంలో చిక్కులన్నీ మొదలయ్యేది అక్కడే. డబ్బుకు భద్రత ఒప్పంద పత్రంలో ఉండాలి, టెస్ట్ రిపోర్టులో పరీక్షల ఫలితం తప్ప మరేదీ ఉండకూడదు. కింది జవాబులన్నీ ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. పెద్ద మొత్తాల తగాదా అయితే న్యాయవాదిని, పన్ను లెక్కల్లో అనుమానం ఉంటే ఆడిటర్‌ను సంప్రదించండి.

## పని ఒప్పుకునే ముందు

నా దగ్గర వైర్‌మన్ పర్మిట్ ఉంది. ఇంటి వైరింగ్ మొత్తం నేనే సొంతంగా ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకూడదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం కొత్త వైరింగ్, అదనపు పని, మార్పులు, మరమ్మతులు అన్నీ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారానే, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలోనే జరగాలి. 250 వోల్టులు దాటని చోట బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నవాటి స్థానంలో మార్చడానికి మాత్రం మినహాయింపు ఉంది. పర్మిట్ మీరు పని చేయగలరని చెబుతుంది కానీ కాంట్రాక్టు తీసుకునే అధికారం, రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం ఇవ్వదు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకుని, అతని పేరు మీదే కొటేషన్ ఇచ్చి, కూలి లెక్క మీ ఇద్దరి మధ్య విడిగా రాసుకోవడం సరైన పద్ధతి. పని మొదలుకాకముందే ఆ కాంట్రాక్టరు సైటుకు వచ్చి చూసేలా మాట్లాడుకోండి. చివర్లో సంతకం కోసం వెతుక్కునే పరిస్థితి వస్తే అప్పటికే సగం తప్పు జరిగిపోయినట్టు.

పాయింట్ లెక్కన ఒప్పుకోవాలా, చదరపు అడుగు లెక్కన ఒప్పుకోవాలా?

ఇంటి ప్లాను ఖరారై, యజమాని మనసు మార్చుకోరన్న నమ్మకం ఉంటే చదరపు అడుగు లెక్క ఇద్దరికీ సులువు. అలాంటి ఇల్లు అరుదు కనుక నేను పాయింట్ లెక్కకే ఓటు వేస్తాను. అయితే పాయింట్ అంటే ఏమిటో రాతలో ఉండాలి. లైటు పాయింటు, ఫ్యాను పాయింటు, ఆరు ఆంపియర్ల ప్లగ్గు, పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు, ఏసీ పాయింటు, రెండు చోట్ల నుంచి వేసే మెట్ల లైటు, ఇంటర్నెట్ కేబులు పైపు: వీటికి ఒకే ధర ఉండదు. మెయిన్ లైను, డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఎర్తింగ్, మీటరు బోర్డు పాయింట్లలో కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్నది తప్పకుండా రాయాలి. తగాదాల్లో ఎక్కువ భాగం ఎర్తింగ్ గుంత ఎవరి ఖాతాలోకి వస్తుందన్న దగ్గరే పుడతాయి.

కొటేషన్‌లో కనీసం ఏమేమి ఉండాలి?

లైసెన్సు నంబరు, యజమాని పేరు, సైటు చిరునామా, పాయింట్ల పట్టిక, ధరలు, సామాను ఎవరు తేవాలి, డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలి, జీఎస్టీ వర్తిస్తే దాని శాతం, కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుంది అన్నవి ఉండాలి. రాగి ధర వారాల్లోనే మారుతుంది కనుక ఈ చివరి మాట మరవవద్దు. వైరుకు ఐఎస్ 694, ఆర్‌సీసీబీకి (లీకేజీ ఉంటే సరఫరా ఆపే స్విచ్చుకు) ఐఎస్ 12640 గుర్తు ఉన్న సామానే వాడతామని రాయండి. పని అయ్యాక ఏ పరీక్షలు చేస్తారు, ఏ కాగితాలు ఇస్తారు, అవి చివరి వాయిదాతో పాటు ఇస్తారా, ముందే ఇస్తారా అన్నది కూడా ఒక వాక్యంలో స్పష్టం చేయండి. గోడలు చెక్కిన తర్వాత పూడ్చడం మీ పనా, తాపీమేస్త్రీ పనా అన్నది చిన్న విషయమే, కానీ రాయకపోతే పెద్దదవుతుంది. ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోండి.

బంధువుల ఇల్లు, తెలిసిన మేస్త్రీ పంపిన పని. కాగితం అడిగితే ఏమనుకుంటారో?

కాగితం అడగడం అనుమానం కాదు. బావగారైనా, బాబాయిగారైనా ఆరు నెలలు సాగే పనిలో ఎవరు ఏం చెప్పారో ఎవరికీ పూర్తిగా గుర్తుండదు. ఒప్పంద పత్రం అనడానికి ఇబ్బందిగా ఉంటే, పాయింట్లు, ధరలు, వాయిదాలు వరుసగా రాసి వాట్సాప్‌లో పంపి, 'ఇలా అనుకున్నాం కదా బాబాయ్, ఒకసారి చూసి సరే అనండి' అని అడగండి. ఆ 'సరే' అన్న జవాబే తర్వాత సాక్ష్యం. ఎలక్ట్రానిక్ రికార్డులను తగిన ధ్రువీకరణతో కోర్టులు స్వీకరిస్తాయి కనుక ఆ సంభాషణను చెరిపివేయకుండా, ఫోను మార్చినా పోకుండా దాచుకోండి.

అడ్వాన్స్ ఎంత అడగడం న్యాయం?

కూలి పని మాత్రమే అయితే మొత్తంలో పది నుంచి ఇరవై శాతం మధ్య అడగడం సబబు. సామాను కూడా మీదే అయితే మొదటి దశకు కావలసిన పైపులు, బాక్సులు, బెండ్ల ఖరీదు పూర్తిగా ముందు తీసుకోవాలి, మీ సొంత డబ్బు ఇంకొకరి గోడలో పెట్టకూడదు. అంతకు మించి పెద్ద అడ్వాన్స్ తీసుకుని ఆ డబ్బును పాత సైటు బాకీలకు వాడటం ఈ రంగంలో ఎందరినో ముంచిన అలవాటు. తీసుకున్న ప్రతి రూపాయికి రసీదు ఇవ్వండి. పని మొదలుకాకముందే యజమాని మానుకుంటే అందులో ఎంత తిరిగి ఇస్తారో కూడా ముందే రాసి ఉంచండి.

సామాను మేమే కొంటామని యజమాని అంటే నా బాధ్యత ఎంతవరకు?

సామాను నాణ్యతకు కొన్నవారిది బాధ్యత, దాన్ని బిగించాలా వద్దా అన్న నిర్ణయం మీది. ఐఎస్ఐ గుర్తు లేని వైరు, లోడుకు చాలని సైజు వైరు, గుర్తు తెలియని ఎంసీబీలు (లోడు ఎక్కువైతే ఆగిపోయే స్విచ్చులు) తెచ్చినప్పుడు 'వారు తెచ్చారు, నేను వేశాను' అన్న మాట ప్రమాదం జరిగాక మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే సంతకం మీదే. కొనే ముందు సైజులు, పరిమాణాలతో పట్టీ రాసి ఇవ్వండి, సరుకు వచ్చాక చూసి తీసుకోండి, పనికిరాదనుకున్నదాన్ని లిఖితపూర్వకంగా వెనక్కి పంపండి.

## పని జరుగుతున్నప్పుడు

ఏ దశలో ఎంత తీసుకుంటే చివర్లో చిక్కు రాదు?

చివరికి మిగిలే బాకీ ఎంత తక్కువగా ఉంటే చిక్కు అంత తక్కువ. కూలి పనికి నేను సూచించే విభజన ఇది: అడ్వాన్స్ 15 శాతం, స్లాబులో పైపులు వేశాక 20, గోడలు చెక్కి పైపులు, బాక్సులు పెట్టాక 20, వైర్లు లాగాక 25, స్విచ్చులు, డిస్ట్రిబ్యూషన్ బోర్డు బిగించాక 15, పరీక్షలయ్యాక 5. ఇది నియమం కాదు, ఇంటిని బట్టి మార్చుకోవచ్చు. ముఖ్యమైనది ఒక్కటే. స్లాబు కాంక్రీటు పోసే రోజు, ప్లాస్టరింగ్ మొదలయ్యే రోజు, రంగులు వేసే రోజు యజమానికి మీ పని అత్యవసరం, ఆ దశలు దాటాక ఆ తొందర ఉండదు. కనుక ప్రతి వాయిదా తర్వాతి దశ మొదలవకముందే అందేలా రాసుకోవాలి. గృహప్రవేశం ముహూర్తం దాటాక రావలసిన మొత్తం పెద్దదిగా మిగిలితే, అప్పటికి పురోహితుడి నుంచి వంటవాళ్ల వరకు ఎందరికో ఇచ్చి యజమాని చేతులు ఖాళీ అయి ఉంటాయి. అందరూ మోసగాళ్లు కాదు, కానీ మీ వాయిదా అందరికన్నా వెనక్కి పోతుంది.

పని మధ్యలో యజమాని అదనపు పాయింట్లు చెబుతున్నారు. ఎలా లెక్కించాలి?

చెప్పిన రోజే రాసి, ధరతో సహా పంపి, అంగీకారం వచ్చాకే చేయండి. పని చివర్లో ఇరవై పాయింట్ల అదనపు బిల్లు ఒకేసారి ముందు పెడితే ఎంత మంచి యజమానికైనా మోసం జరిగిందనిపిస్తుంది. చిన్న నోటు పుస్తకంలో తేదీ, గది, పాయింటు, ధర, యజమాని పొట్టి సంతకం ఉంటే చాలు. పూజగదిలో ఒక పాయింటు ఉచితంగా వేసినా అది కూడా 'ఉచితం' అని రాయండి, లేకపోతే మిగిలినవి కూడా ఉచితమేనన్న వాదన వస్తుంది.

వాయిదా ఆగిపోయింది. పని నిలిపివేయవచ్చా?

దశలవారీ చెల్లింపు ఒప్పందంలో ఉంటే నిలిపివేయవచ్చు. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం పరస్పర వాగ్దానాల్లో ఒకరు తమ వంతు నెరవేర్చడానికి సిద్ధంగా లేనప్పుడు రెండోవారు తమ వంతు చేయనవసరం లేదు. అయితే చెప్పకుండా సైటు వదిలి వెళ్లడం వేరు, తేదీ చెప్పి ఆపడం వేరు. 'ఫలానా దశ పూర్తయింది, ఇంత రావాలి, ఫలానా తేదీలోగా అందకపోతే పని ఆపుతాం' అని రాతలో తెలపండి. ఆపే రోజున విప్పి ఉన్న వైర్ల చివరలకు టేపు చుట్టి, తెరిచి ఉన్న బాక్సులు మూసి, తాత్కాలిక సరఫరా ఉంటే ఎవరికీ తగలకుండా భద్రపరచి, ఫొటోలు తీసి వెళ్లాలి. ఆ సైటులో తాపీ కూలీలు, వారి పిల్లలు తిరుగుతుంటారు.

యూపీఐలో పంపామని స్క్రీన్‌షాట్ చూపిస్తున్నారు. అది చాలా?

చాలదు. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారు చేయడం సులభం. మీ బ్యాంకు ఖాతాలో జమ చూశాకే రసీదు ఇవ్వండి, రసీదు మీద యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాయండి. డబ్బు రావడానికి మీరు పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదు, అలా అడిగితే అది మోసమే. యూపీఐకి సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంటుంది కనుక పెద్ద వాయిదాలకు బ్యాంకు బదిలీ అడగండి. నగదు అయితే ఒక పనికి సంబంధించి ఒకే వ్యక్తి నుంచి రెండు లక్షలు లేదా అంతకు మించి తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, విడివిడి రోజుల్లో తీసుకున్నా లెక్క ఒకటే, జరిమానా తీసుకున్నవారి మీదే, అదీ తీసుకున్న మొత్తమంత.

## పరీక్షలు, టెస్ట్ రిపోర్టు

రిపోర్టు మీద సంతకానికి ముందు ఏ పరీక్షలు తప్పనిసరిగా చేయాలి?

సరఫరా ఇవ్వకముందు, ఇచ్చాక అని రెండు విడతలుగా చేయాలి. ముందుగా ఎర్త్ వైరు ప్రతి ప్లగ్గు వరకు తెగకుండా వచ్చిందో లేదో చూడాలి. తర్వాత 500 వోల్టుల డీసీ మెగ్గర్‌తో ప్రతి లైవ్ వైరుకు, ఎర్త్‌కు మధ్య ఒక నిమిషం పాటు ఇన్సులేషన్ నిరోధం (వైరు తొక్క లీకేజీని ఎంత ఆపుతుందో) కొలవాలి, అది కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, సర్జ్ రక్షణ పరికరాలు మెగ్గర్ పెట్టే ముందు విడదీయకపోతే రీడింగు తప్పు రావడమే కాక అవి పాడవుతాయి. కొత్త వైరింగ్‌లో 1 మెగాఓమ్‌కు కాస్త పైన వచ్చిందంటే నిబంధన ప్రకారం సరిపోయినా నేను ఊరుకోను. కొత్త వైరు అంతకన్నా ఎన్నో రెట్లు చూపాలి, చూపలేదంటే ఎక్కడో పైపులో నీరు చేరింది, లేదా లాగేటప్పుడు తొక్క లేచింది. స్విచ్చులన్నీ ఫేజు మీదే ఉన్నాయా, ప్లగ్గుల్లో ఫేజు, న్యూట్రల్ సరైన వైపు ఉన్నాయా అన్నది చూడాలి.

ఎర్తింగ్ నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో కొలిచి వచ్చిన అంకెనే రాయాలి. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి రాతి నేలల్లో వానాకాలంలో బాగున్న రీడింగు ఎండాకాలంలో పెరుగుతుంది, వీలైతే నేల పొడిగా ఉన్నప్పుడు కొలవండి. సరఫరా వచ్చాక ఆర్‌సీసీబీని బటన్‌తో మాత్రమే కాక టెస్టర్‌తో కూడా చూడాలి. సాధారణ రకం 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ లీకేజీ వద్ద 300 మిల్లీసెకన్లలోపు పడిపోవాలి. బటన్ నొక్కితే పడింది కనుక ఎర్తింగ్ కూడా బాగుందనుకోవడం పొరపాటు, ఆ బటన్ ఎర్త్ వైరును పరీక్షించదు.

వేరేవాళ్లు చేసిన వైరింగ్‌కు సంతకం పెట్టి ఇవ్వమని అడుగుతున్నారు. రుసుము కూడా ఇస్తామంటున్నారు.

సైటు చూడకుండా సంతకం పెట్టకండి. లైసెన్సు అద్దెకిచ్చి నెలనెలా కొంత తీసుకునేవారు, రిపోర్టు పుస్తకంలో ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు చేసి ఇచ్చేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారన్నది అందరికీ తెలిసిన విషయమే. ఆ కాగితం ఆధారంగా డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) మీటరు పెడుతుంది, ఆ ఇంట్లో ఒక కుటుంబం ప్రశాంతంగా నిద్రపోతుంది. వారికి ఆ గోడల్లో ఏముందో తెలియదు, మీకు తెలుసని నమ్ముతారు. విద్యుత్ ప్రమాదంలో ప్రాణం పోతే విద్యుత్ చట్టం, 2003 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణ జరగవచ్చు, ఆ విచారణలో మొదట తెరిచే కాగితాల్లో మీ రిపోర్టు ఒకటి. లైసెన్సు రద్దు కావచ్చు, నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించినట్టు రుజువైతే భారతీయ న్యాయ సంహిత కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

వేరొకరి పనిని నిజంగా పరీక్షించి నివేదిక ఇవ్వడం తప్పు కాదు. అప్పుడు బోర్డులు విప్పి చూసి, అన్ని పరీక్షలు చేసి, 'వైరింగ్ చేసింది మేము కాదు, ఫలానా తేదీన పరీక్షించాం, గోడల లోపలి పని చూడటానికి వీలు కాలేదు' అని రాసి ఇవ్వండి. దానికి పరీక్ష రుసుము తీసుకోవచ్చు. అయితే ఆ నివేదికను కొత్త కనెక్షన్‌కు డిస్కం ఒప్పుకుంటుందా లేదా అన్నది ముందే దాని సెక్షన్ ఆఫీసులో అడిగి యజమానికి చెప్పండి.

చివరి వాయిదా ఇవ్వలేదు. డబ్బు ఇచ్చేదాకా రిపోర్టు ఆపవచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. చివరి వాయిదా, రిపోర్టు ఒకేసారి చేతులు మారాలని ఒప్పందంలో రాసి ఉంటే, వాయిదా రాకపోయినప్పుడు సంతకం చేసిన ప్రతిని ఆపడం ఒప్పందానికి లోబడిన పనే. అలా రాసుకోనప్పుడు, ముఖ్యంగా మొత్తంలో అధిక భాగం అందాక, ఆపితే యజమాని దాన్ని సేవాలోపంగా వినియోగదారుల కమిషన్ ముందుకు తీసుకెళ్లవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపులకు అక్కడ ఫిర్యాదు రుసుము కూడా లేదు.

ఆపే హక్కు ఉన్నా దాన్ని వాడుకోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. రిపోర్టు ఆగినంత మాత్రాన ఇల్లు ఆగదు. నిర్మాణం కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదో, పక్కింటి నుంచి లాగిన వైరు మీదో గృహప్రవేశం జరిగిపోతుంది, లేదా ఇంకెవరి సంతకమో కొనుక్కుంటారు. అప్పుడు మీరు పరీక్షించిన వైరింగ్‌కు పరీక్షించనివారి కాగితం వస్తుంది. అందుకే పరీక్షల రీడింగులను, కనిపించిన లోపాలను యజమానికి ఎప్పుడూ ఆపకుండా తెలియజేయాలి. ఒక ప్లగ్గుకు ఎర్త్ లేదని మీకు తెలిసి, బాకీ ఉందని చెప్పకుండా ఉంటే ఆ మౌనం క్షమించరానిది. ఆపగలిగింది సంతకం చేసిన కాగితాన్ని మాత్రమే, అదీ ముందే రాసుకుని ఉంటేనే. చివరి వాయిదాను 5 శాతానికి పరిమితం చేసుకుంటే ఈ ప్రశ్నే దాదాపు రాదు.

రిపోర్టు ఇచ్చేశాను, డబ్బు ఎగ్గొట్టారు. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని డిస్కం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఉత్తరం రాయవచ్చా?

రాయకూడదు. రిపోర్టు చెప్పేది ఫలానా రోజున వైరింగ్ పరీక్షల్లో నిలిచిందని. డబ్బు రాకపోవడం వల్ల ఆ వాస్తవం మారదు. నిన్న బాగున్నదని రాసి ఈరోజు బాగాలేదని రాస్తే, రెండింటిలో ఒకటి అబద్ధమని మీరే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది, లైసెన్సింగ్ బోర్డు ముందు మీరే నిలబడవలసి వస్తుంది. తర్వాత ఎవరో వైరింగ్ మార్చారని మీకు నిజంగా తెలిస్తే మాత్రం ఆ విషయాన్ని తేదీతో తెలపడం సరైనదే. బాకీని బాకీగానే వసూలు చేసుకోవాలి.

రేపు గృహప్రవేశం, ఈరోజే సంతకం పెట్టమంటున్నారు. ఇంకా రెండు గదుల పని మిగిలి ఉంది.

పూర్తికాని పనిని పూర్తయినట్టు రాయకండి. మిగిలిన గదుల సర్క్యూట్లను డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరే విడదీసి, చివరలు భద్రపరచి, పూర్తయిన భాగాన్ని పరీక్షించి, ఆ భాగానికి మాత్రమే అని స్పష్టంగా రాయవచ్చేమో సెక్షన్ ఆఫీసులో అడగండి. కాదంటే ముహూర్తానికి అద్దె జనరేటర్ పెట్టుకోవడం మంచిది. ఎక్కువ డబ్బు ఇస్తామన్నప్పుడు ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

అపార్ట్‌మెంట్లకు నా రిపోర్టు ఒక్కటే చాలా?

15 మీటర్లకు మించిన ఎత్తున్న భవనాలకు సాధారణంగా చాలదు. సరఫరా మొదలుపెట్టడానికి కనీసం 30 రోజుల ముందు యజమాని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలని భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. హెచ్‌టీ (హై టెన్షన్) సరఫరా, సొంత ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ ఉన్న చోట్ల కూడా ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయపు అనుమతుల గురించి ముందే విచారించాలి. ఆ అనుమతికి పట్టే సమయం మీ చేతిలో ఉండదు కనుక, చివరి వాయిదాను 'అనుమతి వచ్చాక' అని కాకుండా 'పరీక్షలు పూర్తి చేసి కాగితాలు అందజేశాక' అని రాసుకోండి.

కనెక్షన్ ఖర్చులన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పమంటున్నారు, 'ఆఫీసు ఖర్చులు' కూడా కలిపి.

అభివృద్ధి ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్, దరఖాస్తు రుసుము యజమాని పేరు మీద, యజమాని చేతే, డిస్కం వెబ్‌సైటులో గానీ కౌంటరులో గానీ కట్టించి రసీదు వారి దగ్గరే ఉంచండి. రసీదు రాని ఖర్చును మీ బిల్లులో కలపవద్దు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవారు కూడా నేరస్థులే, మధ్యవర్తిగా నిలిచిన మీరు కూడా అందులో చిక్కుకుంటారు.

## బిల్లు, పన్నులు

నేను జీఎస్టీ వేయాలా?

సామానుతో కలిపి భవనానికి చేసే వైరింగ్, 'పనుల కాంట్రాక్టు' (వర్క్స్ కాంట్రాక్ట్) కిందకు, అంటే సేవ కిందకు వస్తుంది. ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే రెండు రాష్ట్రాల్లోనూ నమోదు తప్పనిసరి, సాధారణ రేటు 18 శాతం. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ అని రాసి వసూలు చేయడం నేరం. నమోదైనవారు గమనించవలసింది ఒకటుంది. సేవలకు తీసుకున్న అడ్వాన్స్ మీద కూడా పన్ను బాధ్యత వస్తుంది, దానికి రసీదు వోచరు ఇవ్వాలి. కొత్తగా కట్టే విడి ఇంటికి కేవలం కూలికి చేసే పనికి జీఎస్టీ మినహాయింపు ఉంది. అదే పాత ఇంటికి రీవైరింగ్ అయితే ఆ మినహాయింపు వర్తించదు.

బిల్డరు నా బిల్లులో కొంత కోసి ఇచ్చాడు. అది టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) అంటున్నాడు.

సంస్థలు కాంట్రాక్టరుకు ఒకే బిల్లులో 30 వేల రూపాయలు, లేదా ఏడాదిలో లక్ష రూపాయలు దాటి ఇచ్చేటప్పుడు టీడీఎస్ కోయాలి, వ్యక్తులకైతే 1 శాతం, ఇతరులకు 2 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసిన మొత్తం మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైటులో చూడండి. కోసి కట్టనివారు ఉంటారు. సొంత ఇల్లు కట్టుకునే సాధారణ యజమాని ఇలా కోయనవసరం లేదు.

సోలార్ పెట్టించుకున్నవారు 'సబ్సిడీ వచ్చాక మిగతాది ఇస్తాం' అంటున్నారు.

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఇంటి యూనిట్లకు కేంద్ర సబ్సిడీ గరిష్ఠంగా 78 వేల రూపాయలు. డిస్కం తనిఖీ, నెట్ మీటరు, పోర్టల్‌లో ధ్రువీకరణ అన్నీ అయ్యాక అది నేరుగా వినియోగదారు ఖాతాలోకి వెళ్తుంది, మీ ఖాతాలోకి రాదు. కనుక ఒప్పుకుంటే మీరు అప్పు ఇస్తున్నట్టే లెక్క. ఇవ్వదలచుకుంటే తేదీ రాయించుకోండి. 'సబ్సిడీ వచ్చాక' అన్నది తేదీ కాదు.

## డబ్బు రాకపోతే

బాకీ కింద స్విచ్చులు, వైర్లు విప్పుకుని రావచ్చా? కనీసం సరఫరా ఆపవచ్చా?

రెండూ చేయకూడదు. గోడలో బిగించిన సామాను ఆ ఇంటిలో భాగమైపోయింది. అనుమతి లేకుండా వెళ్లి విప్పితే అక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం, దొంగతనం కేసులు మీ మీదే పడతాయి, న్యాయమైన బాకీ కూడా మరుగున పడుతుంది. సరఫరా నిలిపే అధికారం డిస్కంకు ఉంటుంది, మీకు లేదు. మీటరు సీలు ముట్టుకోవడం విద్యుత్ చట్టం కింద మరో నేరం. బిగించని, సైటులో పెట్టెల్లో ఉన్న మీ సొంత సామానును మాత్రం యజమానికి చెప్పి, పట్టీ రాసి తెచ్చుకోవచ్చు.

ఎంత కాలంలోగా కోర్టుకు వెళ్లాలి?

చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు. ఆ గడువు తీరకముందే బాకీ ఉందని యజమాని సంతకంతో రాసిస్తే అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ముందుగా రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, మొత్తం, దశలు, అందినది, రావలసినది, వడ్డీ ఎప్పటి నుంచి కోరుతున్నారో అందులో రాయండి. కోర్టుకన్నా ముందు జిల్లా లేదా మండల న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టమని నేను గట్టిగా చెబుతాను. కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకున్న అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. చిన్న మొత్తాలకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

చెక్కు బౌన్స్ అయింది.

గడువులు కఠినం. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. తిరిగి వచ్చిన సమాచారం అందాక 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక ఇచ్చినవారికి 15 రోజుల సమయం ఉంటుంది, ఆ తర్వాత నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. 'మళ్లీ వేయండి, ఈసారి పాస్ అవుతుంది' అన్న మాటలతో గడువు దాటనివ్వకండి.

బిల్డరు కంపెనీ నెలల తరబడి తిప్పుతోంది. చిన్న కాంట్రాక్టరుకు ప్రత్యేక రక్షణ ఏదైనా ఉందా?

చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం, పనికి ముందే చేసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులకు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది, ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్ ద్వారా ఫిర్యాదు పెట్టవచ్చు. పనుల కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టుల తీర్పులు ఒకే విధంగా లేవు, కనుక న్యాయవాదితో మాట్లాడి అడుగు వేయండి. గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా కంపెనీ ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేదన్న నియమం కూడా అమల్లో ఉంది. మార్చి నెలాఖరుకు ముందు వారి అకౌంటెంటుకు ఈ విషయం మర్యాదగా గుర్తు చేస్తే ఫలితం ఉంటుంది.

పని బాగాలేదని చెప్పి డబ్బు ఆపారు.

వెళ్లి చూడండి, బాకీ వచ్చేదాకా చూడనని అనకండి. లోపం ఏమిటో రాతలో అడిగి, మీ పరీక్షల రీడింగులను ముందుపెట్టి, ఇద్దరూ ఒప్పుకునే మరో లైసెన్సు కాంట్రాక్టరు చేత మళ్లీ కొలిపించండి. లోపం మీదైతే సరిచేయండి, మీది కాకపోతే ఆ నివేదికే మీ బాకీకి బలమైన ఆధారం.

కాగితాలు ఎంతకాలం దాచాలి?

బిల్లులు, రసీదులు, ఒప్పందం కనీసం ఎనిమిదేళ్లు ఉంచండి, పన్ను లెక్కలకూ బాకీ దావాలకూ అది సరిపోతుంది. టెస్ట్ రిపోర్టు ప్రతి, రీడింగులు, ప్లాస్టరింగ్‌కు ముందు తీసిన పైపుల ఫొటోలు మాత్రం ఆ వైరింగ్ వాడుకలో ఉన్నంతకాలం దాచడం మేలు. పదేళ్ల తర్వాత ఆ గోడకు మేకు కొట్టబోయేవారు పైపు ఎక్కడుందని మీకే ఫోను చేస్తారు.